మూడు రకాల వంట నా వల్ల కావట్లేదు, ఒకే వంటతో ఇంటిల్లిపాదికీ కుదురుతుందా?

పటమట కోడలు:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది విజయవాడ, పటమట. ఇంట్లో ఐదుగురం. మా ఆయన, నేను, ఏడో తరగతి బాబు, మూడో తరగతి పాప, అత్తయ్య. అత్తయ్యకి డెబ్భై ఒకటి, పదేళ్ళుగా షుగర్, మాత్రలు వాడుతున్నారు. నేను ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను. పొద్దున తొమ్మిదికి వెళితే ఇల్లు చేరేసరికి ఏడు. మా ఆయనది మార్కెటింగ్. రోజంతా తిరుగుడే కానీ అంతా బండి మీదే. ఒక్కో రోజు ఆయన కాళ్ళు నేల మీద పడేది మా ఇంటి మెట్ల దగ్గరేమో అనిపిస్తుంది.

సంక్రాంతి తర్వాత వాళ్ళ ఆఫీసులో అందరికీ రక్త పరీక్షలు చేయించారు. ఆయనకి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా హద్దు మీద ఉన్నట్టనీ, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ అనీ డాక్టరుగారు చెప్పారు. "ఇప్పుడే జాగ్రత్త పడితే మాత్ర అక్కర్లేదు" అన్నారు. ఆయన 84 కిలోలు, నడుము 38 అంగుళాలు. బాబుకి పదకొండేళ్ళు, 55 కిలోలు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి ఇంటిని ఆసుపత్రి చేసేశాను. ఆయనకి పొద్దున ఓట్స్, రాత్రి కొర్రన్నం. బాబుకి రాత్రిపూట అన్నం బంద్, కీరా ముక్కలు, ఒక పుల్కా. అత్తయ్యకీ పాపకీ మామూలు వంట. అంటే ఒకే పూటకి మూడు గిన్నెలు, రెండు కూరలు. జిమ్ముకి మూడు నెలల డబ్బు ఒకేసారి కట్టాం, ఆయన వెళ్ళింది పదకొండు రోజులు.

తర్వాత రెండు సంగతులు జరిగాయి.

ఒకటి. ఒక రాత్రి అత్తయ్య "వాడొక్కడే ఆ గింజలు తింటే వాడికి ముద్ద దిగుతుందా, నేనూ తింటాను" అని అన్నం మానేసి గుప్పెడు కొర్ర ఉప్మాతో సరిపెట్టారు. మాత్ర మాత్రం రోజూలాగే వేసుకున్నారు. పదకొండున్నరకి పాప వచ్చి లేపింది, "నానమ్మ జాకెట్టంతా తడిసిపోయిందమ్మా" అని. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. షుగర్ మిషన్‌తో చూస్తే 62. పంచదార నీళ్ళు తాగిస్తే కాసేపటికి తేరుకున్నారు. ఆవిడ తేరుకున్నారు కానీ నేను ఇంకా తేరుకోలేదు.

రెండోది. భోజనాల దగ్గర బాబుతో "నీ క్లాసులో నీ అంత ఎవరైనా ఉన్నారా, చూసుకున్నావా" అనేశాను. వాడేం మాట్లాడలేదు. నాలుగు రోజుల తర్వాత వాడి స్కూలు బ్యాగు ఉతుకుదామని తిరగేస్తే, కింద అట్ట లోపల నాలుగు క్రీమ్ బిస్కెట్ కాగితాలు, చక్కగా మడతపెట్టి ఉన్నాయి. ఆ మడతలు చూసి ఏడుపొచ్చింది.

ఇప్పుడు అన్నీ ఆపేశాను, పాత వంటే. నేను అడిగేది ఇదే. ఒకే పొయ్యి మీద, ఒకే వంటతో ఐదుగురికీ సరిపడేలా మార్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నడకకి టైమ్ లేని ఇంట్లో నడక ఎక్కడి నుంచి తేవాలి? డైట్ చార్టులు మాత్రం పంపకండి, ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికే మూడున్నాయి.

---

నైట్ డ్యూటీ (స్టాఫ్ నర్సు, కాకినాడ):

మిగతా వాటి సంగతి తర్వాత, ముందు అత్తగారి మాట. ఆవిడ మాత్రలో గ్లిమెపిరైడ్ ఉందా? చీటీ చూడండి. అది మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి నెడుతుంది. మాత్ర పాతంతే వేసుకుని తిండి సగం చేస్తే పడిపోక ఏమవుతుంది? ఒట్టి మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇలా సాధారణంగా జరగదు. ఇంట్లో షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు ఉంటే, వాళ్ళ అన్నం తగ్గించే ముందు డాక్టరుకి చెప్పాలి. వాళ్ళు మాత్ర డోసు చూసి తగ్గిస్తారు. ముందు మాత్ర సంగతి తేల్చుకోండి, అన్నం సంగతి తర్వాత.

మీరు పంచదార నీళ్ళు ఇచ్చి మంచి పని చేశారు. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి. పెరగకపోతే ఇంకోసారి ఇవ్వాలి. తేరుకున్నాక నాలుగు ముద్దలు పెరుగన్నమో రెండు బిస్కెట్లో పెట్టాలి, లేకపోతే మళ్ళీ పడిపోతుంది. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇది పాపకి కూడా నేర్పండి. నానమ్మ పక్కన పడుకునేది తనే కదా, ఆ రాత్రి మిమ్మల్ని లేపిందీ తనే.

---

పద్నాలుగు కిలోలు:

అన్నం, రొట్టె, పండ్లు అన్నీ మానేయండి మేడం. గుడ్లు, మాంసం, నెయ్యి, అంతే. నేను 90 రోజుల్లో 14 కిలోలు తగ్గాను. మనసుంటే మార్గం ఉంటుంది.

---

పటమట కోడలు:

@పద్నాలుగు కిలోలు, మంచిదండీ. మీ ఇంట్లో మిగతావాళ్ళు ఏం తిన్నారు ఆ 90 రోజులూ? వాళ్ళకి ఎవరు వండారు?

@నైట్ డ్యూటీ, చూశాను, మీరన్నదే. రెండూ కలిసిన మాత్ర. ఎల్లుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.

---

లెక్కల మాస్టారు (రిటైర్డ్, హనుమకొండ):

బిడ్డా, డైట్ చార్ట్ పంపను, భయపడకు. నాకు ఒక్కటే కావాలె. నీ సరుకుల చీటీ. నెలకి ఇంట్లోకి ఏమేం వస్తయో, ఎంతెంతో, దాచకుండా ఇక్కడ పెట్టు. నాకు ఎనిమిదేళ్ళ కింద ఆ హెచ్‌బీఏ1సీ 7.4 ఉన్నప్పుడు మా ఆవిడ ఇదే పని చేసింది. నేను లెక్కల పంతులునని ఊళ్ళో పేరు, ఇంటి లెక్క మాత్రం ఆమెకే తెలుసు.

---

పటమట కోడలు:

పెడుతున్నాను మాస్టారూ, నవ్వకండి. బియ్యం 26 కిలోల బస్తా ఒకటి, నెలకి సరిగ్గా అయిపోతుంది. నూనె 5 లీటర్ల డబ్బా, చివర్లో ఇంకో లీటరు ప్యాకెట్. పంచదార 4 కిలోలు. ఉప్పు కిలో ప్యాకెట్ ఇరవై రోజులు వస్తుంది. కందిపప్పు 2, మినప్పప్పు 2, పెసరపప్పు అర, శనగపప్పు అర. కూరగాయలు వారానికి 8 కిలోల దాకా, ఉల్లిపాయలు కాక. గుడ్లు నెలకి ఒక అట్ట, ముప్పై. ఆదివారం కిలో చికెన్. బిస్కెట్లు, మిక్చరు, పిల్లల పాలలో కలిపే పొడి... వీటికి లెక్క లేదు.

---

లెక్కల మాస్టారు (రిటైర్డ్, హనుమకొండ):

శెభాష్. ఇప్పుడు చూడు. ఐదుగురు, ముప్పై రోజులు, అంటే 150. దేన్నైనా 150తో భాగించు. మనిషికి రోజుకెంతో వస్తది. పాప తక్కువ తింటది, మీ ఆయన ఎక్కువ తింటడు, అయినా సగటు సగటే.

నూనె 6 లీటర్లు. భాగిస్తే 40 మిల్లీలీటర్లు. బరువులో 36 గ్రాములు, దాంట్లోనే సుమారు 330 కేలరీలు. ఇది ఒట్టి వంటనూనె. బయట తినే బజ్జీ, ఇంట్లో నెయ్యి, చికెన్‌లో కొవ్వు దీంట్లో లేవు. కుర్చీలో కూర్చొని పని చేసేవాళ్ళకి రోజుకి 20 నుంచి 30 గ్రాములు చాలు.

ఉప్పు నెలకి కిలోన్నర, మనిషికి 10 గ్రాములు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ అయినా 5 దాటొద్దంటున్నయి. మీ విజయవాడ ఊరగాయ ఉప్పు దీనికి అదనం. అత్తగారికి బీపీ ఉంటే ముందు ఇదే చూడు.

పంచదార 27 గ్రాములు, ఐదారు చెంచాలు. బిస్కెట్లలో, పాలపొడిలో ఉన్నది మళ్ళీ వేరే.

ఇగ అసలు లెక్క. బియ్యం 173 గ్రాములు. పప్పులన్నీ కలిపి 33. ఇడ్లీలకి పోయిన మినప్పప్పుతో సహా! రోజుకి పప్పు, గుడ్డు, మాంసం కలిపి 80, 90 గ్రాములు పడాలె. గుడ్లేమో మనిషికి నెలకి ఆరు. కూరగాయలు 228 గ్రాములు, పడాల్సింది 400.

దీన్నిబట్టి నీ ఇంటి జబ్బు ఏంది? అన్నం ఎక్కువ తినడం కాదు బిడ్డా. అన్నంలోకి కలుపుకునేది తక్కువ కావడం. చెంచాడు పచ్చడి, ఒక గరిటె పప్పు, నాలుగు దొండకాయ ముక్కలతో గిన్నెడు అన్నం లోపలికి పోతున్నది. అన్నం తగ్గించు అంటే అందరికీ ఏడుపు. కూర పెంచు అంటే ఎవరూ ఏడ్వరు. కూర గిన్నె పెద్దదైతే అన్నం గిన్నె తనకు తానే చిన్నదైతది.

మా ఇంట్ల చేసింది చెప్త. మా ఆవిడ నూనె డబ్బాను అటక ఎక్కించింది. ప్రతి సోమవారం ఒక సీసాల కొలిచి పోస్తది. ఆ సీసా మళ్ళీ సోమవారం దాకా రావాలె. శుక్రవారానికే అయిపోతే శని, ఆదివారాలు పులుసు, మజ్జిగ చారు. మొదటి నెల మూడు ఆదివారాలు మజ్జిగ చారే తిన్నం! ఐదుగురికి వారానికి 900 మిల్లీలీటర్లతో మొదలుపెట్టు. ఇందులో ఎవరి పళ్ళెం వేరు కాదు, ఎవరిని వేలెత్తి చూపేది లేదు. సీసాకి మీ ఆయన ఎవరో, అత్త ఎవరో తెల్వదు.

ఇంకో మాట. షుగర్ బియ్యం అని అమ్ముతరు, తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048. రాజేంద్రనగర్‌లో పుట్టిన వంగడమే, మంచి బియ్యమే, గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంల షుగర్‌ని ఎంత తొందరగా పెంచుతదో చెప్పే అంకె, 51 దగ్గర ఉంటది. నేను తెచ్చుకున్న. "షుగర్ బియ్యమే కదా" అని ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్న. తిన్నంక రెండు గంటలకి చూస్తే ఎప్పటి లెక్కనే!

---

రొట్టెల రాజ్యం (కర్నూలు):

మాస్టారు చెప్పినట్టే కొర్రల సంగతీ. కొర్రల్లోనూ నూటికి అరవై పాళ్ళు పిండే ఉంటుంది అక్కా. పీచు ఎక్కువ కాబట్టి మెల్లగా అరుగుతుంది, అంతవరకే లాభం. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నారు కదా, అప్పటి నుంచి మా చుట్టాల్లో ప్రతి ఒక్కరూ కొర్రలు కొనడం, నానబెట్టకుండా కుక్కర్‌లో పెట్టడం, ఇసక నమిలినట్టుందని పక్కింటి కోళ్ళకి వేయడం. మీరు నానబెట్టారా? రాత్రే నానేయాలి, కనీసం నాలుగైదు గంటలు.

అయినా మీ ఇంటికి కొర్రలు అక్కర్లేదు అంటాను. పుట్టినప్పటి నుంచి తినని గింజ డెబ్భై ఏళ్ళ మనిషికి రాత్రిపూట ఎందుకు? మాకు జొన్న రొట్టె పుట్టినప్పటి నుంచీ ఉంది కాబట్టి మాకది మందు కాదు, అన్నం. మీకు పెసరట్టు ఉంది. పొట్టు పెసలు నానేసి, అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బి పోస్తే అంతకంటే ఏం కావాలి? వంద గ్రాముల పెసల్లో 23, 24 గ్రాముల మాంసకృత్తులు. ఉప్మా మాత్రం లోపల పెట్టకండి. మీ విజయవాడ వాళ్ళు అట్టు మంచిదని తింటూ లోపల రవ్వ దట్టిస్తారు.

జొన్న రొట్టె నేర్చుకోవాలని ఉంటే ఒక్కటే కిటుకు. పిండిలో కాగే నీళ్ళు పోయాలి. గోరువెచ్చనివి కాదు, కుతకుత ఉడికేవి. గరిటెతో కలిపి, చేయి పట్టేంత చల్లారాక బాగా మర్దించాలి. జొన్నలో గోధుమలాంటి జిగురు ఉండదు, వేడి నీళ్ళు పోస్తేనే సాగుతుంది. మొదటి పది రొట్టెలు చిరుగుతాయి, చిరిగినవి మీరే తినేయండి, ఎవరికీ చూపించకండి.

---

నాలుగో అంతస్తు నాన్న (మియాపూర్):

బాబు సంగతి చదివి ఆగలేక రాస్తున్నాను. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. మీ ఇంట్లో బిస్కెట్ కాగితాలు, మా ఇంట్లో దిండు కవరులో చాక్లెట్ తొక్కలు. తేడా ఏం లేదు.

మేం చేసిన మొదటి పని, బరువు చూసే మిషన్ని తీసి అటక మీద పడేయడం. మా పిల్లల డాక్టరు ఒక మాట చెప్పారు. పెద్దవాళ్ళం తగ్గాలి, ఎదిగే పిల్లలు తగ్గనక్కర్లేదు, ఎత్తు పెరుగుతుండగా బరువు అక్కడే ఆగితే చాలు అని. అంటే మీ వాడికి ఆకలి వేస్తుంటే కీరా ముక్కలు పెట్టి పడుకోబెట్టడం తప్పండీ, ఏమీ అనుకోకండి. అందరితో కలిపి అదే అన్నం, అదే కూర పెట్టండి. ఒక్కడికే వేరే పళ్ళెం పెట్టారంటే వాడికి అర్థమయ్యేది ఒకటే, 'నాలోనే ఏదో తేడా ఉంది' అని.

మీవాడు స్కూలు నుంచి ఎన్నింటికి వస్తాడు? నాలుగున్నరకి అనుకుంటాను. మీరు వచ్చేది ఏడుకి. మధ్యలో ఆ రెండున్నర గంటలే అసలు సమస్య. ఆకలి మీద వస్తాడు, డబ్బాలో చేతికందేది బిస్కెట్. మేం పొద్దున్నే కుక్కర్‌లో శనగలో అలసందలో ఉడికించి ఉంచుతాం. సాయంత్రం మా అమ్మ పోపు వేసి, ఉల్లిపాయ, నిమ్మకాయ పిండి పెడుతుంది. వేడివేడిగా ఎదురుగా ఉంటే పిల్లలు తింటారు. చల్లారినవి ఫ్రిజ్‌లో ఉన్నాయి తీసుకుని తిను అంటే తినరు. మీ అత్తగారికి కూడా చేతినిండా పని దొరుకుతుంది. బిస్కెట్లు పూర్తిగా మానిపించకండి, కొనడం తగ్గించండి. మా ఇంట్లో శనివారం ఒక ప్యాకెట్, అందరం కలిసి కూర్చుని, దాచుకోకుండా తింటాం.

ఆటల సంగతి. పిల్లలకి రోజుకి గంటసేపు ఒళ్ళు కదలాలంటారు. మా ఇంట్లో 'ఎక్సర్‌సైజ్' అనే మాట ఎత్తితే తలుపు వేసేసుకునేది. ఒకరోజు నేను సెల్లార్‌లో రెండు స్తంభాలకి మా ఆవిడ పాత చీర కట్టి, షటిల్ బ్యాట్లు తీసుకుని ఒక్కణ్ణే గోడకేసి కొట్టుకుంటున్నాను. "నాన్నా, పరువు తీస్తున్నావు" అంటూ కిందికి వచ్చింది. వచ్చి రెండు గేములు ఓడించింది. నిజంగానే ఓడిపోయాను, కావాలని కాదు. ఆయాసంతో మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి ఆమే బ్యాట్ పట్టుకుని వస్తుంది, నన్ను ఓడించడానికి. కారు పార్కింగ్ వాళ్ళతో గొడవలు ఉన్నాయనుకోండి, అది వేరే కథ.

---

నైట్ డ్యూటీ (స్టాఫ్ నర్సు, కాకినాడ):

నడకకి టైమ్ లేదన్నారు కదా, గంట అక్కర్లేదు. భోజనం అయ్యాక పది, పదిహేను నిమిషాలు మామూలుగా నడిస్తే తిన్న తర్వాత పెరిగే షుగర్ తగ్గుతుంది. మీ ఆయనకి జిమ్ముకంటే ఇదే నప్పుతుంది. వారానికి 150 నిమిషాలు అంటారు, రోజుకి రెండుసార్లు పదకొండేసి నిమిషాలు నడిచినా లెక్క సరిపోతుంది. మాస్టారూ, కరెక్టేనా?

---

లెక్కల మాస్టారు (రిటైర్డ్, హనుమకొండ):

పదకొండు ఇంటు రెండు ఇంటు ఏడు, 154. నాలుగు నిమిషాలు మిగిలినయి, చెప్పులు వెతుక్కోవడానికి.

---

పటమట కోడలు:

చెప్పులు అంటే గుర్తొచ్చింది, ఆయన రాత్రి తొమ్మిదికి వస్తే తిని పడుకునేసరికి పది. అయినా ప్రయత్నిస్తాను. సోమవారం సీసా మొదలుపెడుతున్నాను. మూడు నెలలకి రక్త పరీక్ష మళ్ళీ ఉంది, అప్పుడు వచ్చి చెప్తాను, బాగున్నా బాగాలేకపోయినా.

---

పటమట కోడలు (మూడు నెలల తర్వాత):

వచ్చానండీ. ఎవరైనా ఇంకా ఇక్కడ ఉన్నారా?

ముందు అత్తయ్య. డాక్టరుగారు మాత్ర మార్చారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా షుగర్ పడిపోలేదు. పాప మంచం పక్కన చిన్న డబ్బాలో పంచదార, చెంచా పెట్టుకుంది. దాని మీద "నానమ్మకి మాత్రమే" అని రాసింది, వాళ్ళ అన్నయ్య కోసం.

సీసా మొదటి వారం గురువారానికే అయిపోయింది. ఎందుకో చూస్తే దొండకాయ వేపుడు. ఒక్క కూరకి నేను పావు సీసా పోస్తున్నాను, నాకే తెలియదు. ఇరవై ఏళ్ళుగా డబ్బా వంచి "చాల్లే" అనిపించే దాకా పోయడమే. ఇప్పుడు బెండకాయ తప్ప, దొండకాయలాంటి గట్టి ముక్కలన్నీ ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టి, ముప్పావు వంతు ఉడికాక బాండీలో రెండు చెంచాల నూనె వేసి తిప్పుతున్నాను. చివర్లో వేయించిన పల్లీల పొడి చల్లితే ఎవరికీ తేడా తెలియలేదు. అంటే, అత్తయ్యకి తెలిసింది. "నూనె రేటు పెరిగిందా?" అని అడిగారు. పెరిగిందన్నాను.

మాస్టారు చెప్పిన పెద్ద గిన్నె కిటుకు పనిచేసింది. కూర గిన్నెని పళ్ళేల పక్కన పెట్టి, అన్నం గిన్నెని వంటింట్లోనే వదిలేశాను. మళ్ళీ కావాలంటే లేచి వెళ్ళాలి. మా ఆయన లేవరు! రాత్రి పప్పు ఇప్పుడు పప్పులా ఉంటోంది, నీళ్ళలా కాదు. తోటకూరో పాలకూరో సొరకాయో లేకుండా వట్టి పప్పు వండటం మానేశాను.

రైతు బజారు మా ఇంటికి నడిస్తే పది నిమిషాలు. ఇన్నాళ్ళూ బండి మీద వెళ్ళేదాన్ని. ఇప్పుడు బుధ, ఆదివారాలు నేనూ బాబూ నడిచి వెళ్తున్నాం, వచ్చేటప్పుడు బరువైన సంచి వాడిది. బేరం కూడా వాడిదే. మొదటి రోజు వంకాయల దగ్గర సిగ్గుపడి నా వెనక నిలబడ్డాడు. పోయిన ఆదివారం గోంగూర కట్టలు అమ్మే పెద్దావిడతో "అమ్మమ్మా, ఇవి నిన్నటివి" అని వాదించి రెండు కట్టలు కొసరు వేయించుకున్నాడు. వాడు తెచ్చిన కూర వాడు తింటున్నాడు, నాకది చాలు. బరువు చూడలేదు, మిషన్ అటక మీదే ఉంది. ప్యాంట్లు పొట్టి అవుతున్నాయి, నడుము దగ్గర మాత్రం అవే సరిపోతున్నాయి.

ఉడికించిన శనగలు మొదటి రెండు వారాలు అత్తయ్యే తిన్నారు. తర్వాత ఆవిడ పోపులో ఇంగువ, కొబ్బరి కోరు వేయడం మొదలుపెట్టాక పోటీ వచ్చింది.

రాత్రి నడక కుదరలేదు, ఒప్పుకుంటున్నాను. ఆయన వారంలో మూడు రోజులు నడిస్తే గొప్ప. బదులుగా మధ్యాహ్నం బాక్సు తిన్నాక ఏ ఊళ్ళో ఉంటే అక్కడ పావుగంట నడుస్తున్నారు. నాకు ఫోన్ చేస్తూ నడవాలని షరతు పెట్టాను. పెళ్ళయిన పదిహేనేళ్ళలో మేం ఇంత మాట్లాడుకోలేదు, అదీ ఆటోనగర్ లారీ హారన్ల మధ్య. సాయంత్రం పునుగుల బండి మాత్రం ఆయన వదల్లేదు. అడిగితే "అది నీ సీసాలో నూనె కాదు కదా" అంటున్నారు.

ఆయన హెచ్‌బీఏ1సీ 5.9. బరువు 81. డాక్టరుగారు ఇలాగే కానివ్వమన్నారు.

మాస్టారూ, ఇదిగో ఈ నెల చీటీ. బియ్యం బస్తా 36 రోజులు వచ్చింది. నూనె 4 లీటర్లు. ఆవకాయకి తెచ్చిన నువ్వుల నూనె 3 కిలోలు వేరే, అది లెక్కలో వేయకండి, ఏడాది సరుకు. ఉప్పు ప్యాకెట్ 25 రోజులు వచ్చింది. పప్పులన్నీ కలిపి 8 కిలోలు. గుడ్లు రెండు అట్టలు. కూరగాయలు వారానికి 12 కిలోలు. పంచదార 4 నుంచి రెండున్నరకి దించాను. బెల్లం 2.

---

లెక్కల మాస్టారు (రిటైర్డ్, హనుమకొండ):

ఉన్న బిడ్డా, ఇక్కడనే ఉన్న.

నూనె 27 మిల్లీలీటర్లు, మంచిగుంది. ఆవకాయ నూనె ఎందుకు వేయొద్దు? మూడు కిలోలని పన్నెండు నెలలకి పంచు, నెలకి పావు కిలో. వేసినా నువ్వు పాసే. పప్పు 33 నుంచి 53కి వచ్చింది. కూరగాయలు 340 దాటినయి. ఉప్పు 8 గ్రాములు, ఇది ఇంకా ఫెయిలే, మళ్ళీ రాయాలె.

ఒక్కటి అడుగుత. పంచదార రెండున్నర, బెల్లం రెండు. కూడితే నాలుగున్నర. మొదట్ల నాలుగే ఉండె కదా? ఈ బెల్లం ఎక్కడి నుంచి వచ్చింది?

---

పటమట కోడలు:

...అత్తయ్య టీలోకి మాస్టారూ. "పంచదార మానేశాను కదా" అని ఆవిడ రోజుకి నాలుగుసార్లు తాగుతున్నారు. మా ఆయనకి కూడా అందులోంచే పోస్తున్నారని ఇప్పుడే వంటింట్లోకి వెళ్ళి చూశాను.